సంతకానికి ముందు ఒక ప్రశ్న

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. నారాయణఖేడ్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసు. ఆఫీసంటే రేకుల కప్పు కింద ఒకే గది. గోడకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము, పక్కన అంబేడ్కర్, సేవాలాల్ మహరాజ్ పటాలు, కింద ప్లాస్టిక్ కుర్చీలు. కార్యవర్గంలో తొమ్మిది మందికి ఏడుగురు వచ్చారు. చాయ్ తాగడం అయిపోయింది. మినిట్స్ పుస్తకం చేతులు మారుతూ వస్తోంది. ఎక్కడ పెట్టాలో ఒకరికొకరు వేలితో చూపించుకుంటూ, మాటల మధ్యలోనే సంతకాలు గీసేస్తున్నారు.

పుస్తకం చివరికి ఇరవై మూడేళ్ల అమ్మాయి దగ్గరికి వచ్చింది. హైదరాబాద్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. రెండో ఏడాది చదువుతోంది. దగ్గర్లోని తండా నుంచి పీజీ దాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల. కార్యవర్గంలోకి వచ్చి మూడు నెలలయింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని వెనక పేజీ తిప్పింది.

"ఏం చూస్తున్నవు బిడ్డా, గా కింద పెట్టు సంతకం," అన్నారు అధ్యక్షులు.

"చదివి పెడ్త సార్."

కాసేపు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. మూల కుర్చీలో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టరు తల వంచుకుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ రెండు ముక్కలు అనడం ఆ అమ్మాయికి నేర్పింది ఆయనే. నేర్పడానికి మూడు నెలలు పట్టింది.

ఈ కథనం ఆ మూడు నెలల గురించి.

చదువుకున్నోడు కావాలె

నారాయణఖేడ్ ఒక అంచున ఉన్న ఊరు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క మహారాష్ట్ర. సంతకు వెళ్తే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఒక్క బేరంలోనే వినిపిస్తాయి. మొన్నమొన్నటి దాకా ఇది మెదక్ జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సంగారెడ్డిలో కలిసింది. చుట్టూ తండాలు. మంజీర దగ్గర్లోనే పారుతున్నా ఇక్కడి మెట్ట పొలాలు వాన కోసం మొగం పైకెత్తి చూసేవే. పంటలు ఇంటికి చేరాక కుటుంబాలకు కుటుంబాలే చెరకు నరకడానికి ఫ్యాక్టరీల ప్రాంతాలకు వలస పోవడం ఇక్కడ తరాల నుంచి ఉంది. ఆ వలస బండ్ల మీద పెరిగిన పిల్లల్లోంచి కొందరు ఇవాళ ఉస్మానియాలో, సంగారెడ్డి తారా కాలేజీలో పీజీ చేస్తున్నారు.

ఊళ్లో ఏ సంఘం పెట్టినా మొదట వాళ్లనే వెతుక్కుంటారు. యువజన సంఘం, వికలాంగుల సొసైటీ, గ్రంథాలయ కమిటీ, అనాథ పిల్లల ట్రస్టు, ఏదైనా సరే. "మనకు రాత కోతలు తెల్సినోడు ఒకడు కావాలె" అంటారు. తెలంగాణలో సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. ఆరు పేర్లు పెద్దమనుషులవి వస్తాయి. ఏడో పేరు పీజీ చదివే పిల్లది. కార్యదర్శి అనో సహాయ కార్యదర్శి అనో రాస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఎక్కడికక్కడ దరఖాస్తులు, తీర్మానాలు, ప్రతిపాదనలు రాయగలిగినవాళ్లు కావాలి.

పిల్లలూ సంబరపడతారు. లెటర్‌హెడ్ మీద పేరు పడుతుంది, ఊళ్లో నలుగురూ గుర్తిస్తారు, సేవ చేస్తున్నామన్న నిండుదనం ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. అయితే పేరు రాసుకున్నవాళ్లలో ఎవరూ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టి, ఈ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో చెప్పరు. చెప్పకూడదని కాదు. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు.

కుర్చీ బరువు చూద్దాం. ఇప్పుడు ఇక్కడ సొసైటీలు 2001 చట్టం కింద రిజిస్టర్ అవుతాయి. పాత సంఘాల కాగితాల మీద ఇంకా "1350 ఫస్లీ" అని కనిపిస్తుంది. అది నిజాం కాలపు పబ్లిక్ సొసైటీల చట్టం. 2001 చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు చేరాలి, లెక్కలు ఆడిట్ కావాలి. ఇక ఆదాయపు పన్ను వైపు వస్తే, 12ఏ, 80జీ గుర్తింపులు ఒకసారి తెచ్చుకుని ఫ్రేము కట్టించుకునే రోజులు 2021 నుంచి పోయాయి. గడువు తీరకముందే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు ఆ విరాళాల చట్టానికి వచ్చిన 2020 సవరణ నిబంధనలను ఇంకా బిగించింది. డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకున్న సొమ్మును ఇంకో సంస్థకు పంచకూడదు, ముఖ్య బాధ్యుల ఆధార్ ఇవ్వాలి. ఆ ముఖ్య బాధ్యుల్లో మన ఏడో పేరు కూడా ఉండొచ్చు.

ఆధార్ జిరాక్సు అడిగినప్పుడు ఇస్తాం. దేనికి ఇచ్చామో ఎంతమందికి తెలుసు?

ఖాళీ వదిలిన పేజీ

నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్లుగా నాలో ఉండిపోయింది.

ఎం.ఏ. చదివే రోజుల్లో మా ఊరి సంఘం ఒకదానికి నన్ను సహాయ కార్యదర్శిని చేశారు. పెద్దాయన ఒకరు, నాకు బాబాయి వరస, సెలవులకు ఇంటికి రాగానే మినిట్స్ పుస్తకం పట్టుకుని వచ్చేవారు. "నువ్వు మళ్లీ ఎప్పుడొస్తవో, నాలుగు పేజీల మీద పెట్టి పో" అనేవారు. నమ్మకం. చిన్నప్పుడు భుజాల మీద ఎత్తుకుని జాతర చూపించిన మనిషి. పెట్టి పోయాను. ఒక పేజీలో పైన సగం రాసి ఉంది, కింద నాలుగు వేళ్లంత ఖాళీ, దాని కింద నా సంతకం.

రెండేళ్ల తర్వాత ఆ నాలుగు వేళ్ల ఖాళీలో ఒక తీర్మానం వచ్చి కూర్చుంది. సంఘానికి ఎవరో దానమిచ్చిన జాగాను ఒకరికి లీజుకివ్వడానికి కార్యవర్గం ఏకగ్రీవంగా ఒప్పుకుందని. అక్షరాలు ఇరుకిరుగ్గా ఉన్నాయి. ఖాళీకి సరిపోయేలా రాసినట్టు చూడగానే తెలుస్తోంది. కానీ సంతకం నాది. ఆ సమావేశం రోజున నేను ఊళ్లోనే లేనని చెప్పుకోవడానికి హాస్టల్ హాజరు పట్టీ తెచ్చుకుని తిరిగాను. మూడేళ్లు తిరిగాను. బాబాయితో మాటలు పోయాయి. ఆయన పోయిన రోజున వెళ్లాను గానీ, మధ్యలో పోయిన ఆ ఏళ్లు తిరిగి రాలేదు.

ఆయన మోసగాడని ఇవాళ కూడా అనలేను. అవసరానికి అలా రాసుకోవచ్చు అనుకునే పద్ధతిలో పెరిగిన మనిషి. ఖాళీ ఉన్నచోట గీత కొట్టాలని నాకు ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. ఆ ఒక్కరు లేకపోవడం ఎంత నష్టమో నాకు తెలుసు గనకనే, నారాయణఖేడ్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు పీజీ పిల్లలకు ఇవన్నీ చెప్తున్నారని వినగానే బస్సెక్కాను.

ఈ దారి కొత్తది కాదు

పీజీ వయసు వాళ్లు సంస్థలు నడపడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. తెలంగాణలో తెలుగు చదువులకు దీపం పెట్టిన సంస్థ అది. దాని వెనక ఉన్న కొమర్రాజు లక్ష్మణరావుకు అప్పుడు 24 ఏళ్లు. బి.ఏ. అయింది, మునగాల సంస్థానంలో ఉద్యోగం చేస్తూ ఎం.ఏ.కు చదువుకుంటున్నారు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అచ్చంగా పీజీ విద్యార్థి. రావిచెట్టు రంగారావు ఇల్లు ఇచ్చారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండ ఇచ్చారు. ముగ్గురూ దాదాపు ఒకే ఈడువాళ్లు.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది దాని తర్వాతి ఘట్టం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు కొమర్రాజు తన పక్కన గాడిచర్ల హరిసర్వోత్తమరావును నిలబెట్టుకున్నారు. గాడిచర్లకు 23 ఏళ్లు నిండిన ఏడు అది. మండలి మొదటి పుస్తకం, అబ్రహాం లింకన్ జీవితచరిత్ర, రాసింది ఆ కుర్రవాడే. లక్ష్మణరావు తలచుకుంటే ఆ మొదటి పుస్తకం తానే రాసుకోగలరు. రాయకుండా చిన్నవాడి చేత రాయించారు. ఆ గాడిచర్లే రాజమండ్రి కాలేజీలో వందేమాతరం ఉద్యమంతో చదువు పోగొట్టుకుని, జైలుకెళ్లి, తర్వాత దశాబ్దాల పాటు గ్రంథాలయోద్యమాన్ని భుజాన మోశారు. ఆ ఈడులో దొరికిన ఆ చోటు లేకపోతే ఆయన ఏమయ్యేవారో మనకు తెలియదు. దొరికింది కాబట్టి ఏమయ్యారో తెలుసు.

నారాయణఖేడ్ వాళ్లకు ఇంకా దగ్గరి చరిత్ర ఉంది. సంగారెడ్డి దారిలో వచ్చే జోగిపేటలోనే 1930లో నిజాం రాష్ట్రపు మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి కావలసిన రోజులు. అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డికి ఇంకా 34 నిండలేదు. ఆయనకంటే పదకొండేళ్లు పెద్దయిన మాడపాటి హనుమంతరావు, ఆ ఉద్యమాన్ని మొదటి నుంచీ మోస్తున్న మనిషి, మొదటి అధ్యక్ష పీఠం చిన్నవాడికి దక్కుతుంటే పక్కన నిలబడ్డారు. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. సురవరం హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసినవారు. ఆ హాస్టల్లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి 1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షుడయ్యారు. పెద్దలు కుర్చీలు ఖాళీ చేసిన వరస ఇది. జోగిపేట మీదుగా బస్సు వెళ్తున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

శనివారం సాయంత్రం బడి

హెడ్మాస్టరు గారి పద్ధతికి పేరేమీ లేదు. కార్యవర్గ సమావేశం ఆదివారమైతే, శనివారం సాయంత్రం పిల్లల్ని ఇంటికి రమ్మంటారు. వరండాలో నులక మంచం, రెండు స్టూళ్లు, ముందు కాగితాలు. ఆ అమ్మాయి కాక ఇంకో ఇద్దరు అబ్బాయిలు వస్తారు. ముగ్గురూ మూడు వేర్వేరు సంఘాల్లో ఉన్నారు. ఆ సంఘాల్లో ఒక్కదానిలోనే ఆయన సభ్యులు. మిగతా రెంటితో ఆయనకేమీ సంబంధం లేదు. అదే మంచిదంటారు. "నా సంఘంలనే ఉంటే నా మాట వినుమంటనని అనుకుంటరు. బయటోళ్లకు చెప్తే నా లాభమేం లేదని తెలుస్తది."

నేను వెళ్లిన శనివారం వాళ్లు వసూళ్లు-చెల్లింపుల పట్టీ చదువుతున్నారు. ఒకటే కాగితం. ఆయన మొదట వేలు పెట్టింది ఖర్చుల మీద కాదు, అన్నిటికంటే కింద ఉన్న ముగింపు నిల్వ మీద. "ఈ అంకె బ్యాంకు పాస్‌బుక్కుల ఉన్న అంకెతోని కలుస్తదా? ముందు గది చూడుండ్రి. కలవకుంటే ఎందుకు కలవలేదో ఒక కాగితం ఉండాలె." అబ్బాయి పాస్‌బుక్కు తీశాడు. నాలుగు వేల పైచిలుకు తేడా ఉంది. ముఖం పాలిపోయింది. ఎవరో తిన్నారనుకున్నాడు. ఆయన నవ్వి, ఇచ్చిన చెక్కు ఒకటి ఇంకా బ్యాంకుకు పోలేదేమో చూడమన్నారు. చెక్కుబుక్కు మొదళ్లు వెతికితే అదే తేలింది. కుట్టు మిషన్లు బాగు చేసినాయన చెక్కు తీసుకుని ఇంట్లో పెట్టుకున్నాడు.

ఆ పావుగంట పిల్లవాడికి రెండు సంగతులు నేర్పింది. తేడా కనబడితే అడగాలి. తేడా కనబడగానే దొంగతనం అనుకోకూడదు. సంఘాల్లో కుర్రవాళ్లు సాధారణంగా ఈ రెంటిలో ఒకదాని దగ్గర ఆగిపోతారు. కొందరు నోరు మెదపరు. కొందరు మొదటి సమావేశంలోనే లేచి "లెక్కలు చెప్పండి" అని గొంతు పెంచుతారు. మొదటివాళ్లు బొమ్మలైపోతారు, రెండోవాళ్లను తర్వాతి సమావేశానికి పిలవరు.

అందుకే ఆయన మాటల మీద చాలా సేపు పని చేయిస్తారు. "ఇది ఎందుకు ఖర్చు పెట్టిండ్రు?" అని అడిగితే మనిషిని అడిగినట్టు. "దీని ఓచరు ఒకసారి చూపెడ్తరా సార్?" అంటే కాగితాన్ని అడిగినట్టు. ఊళ్లో పెద్దాయన కాగితం గురించి అడిగితే కోపం తెచ్చుకోరు. తనను అడిగితే మాత్రం ఆ రాత్రికి ఆ పిల్లవాడి తండ్రికి కబురు వెళ్తుంది. ఇది లొంగుబాటు కదా అని నేనడిగాను. "కోపం తెప్పిస్తే ఓచరు రాదు సార్. నాకు ఓచరు కావాలె," అన్నారు.

నాకు ఆ జవాబు పూర్తిగా నచ్చలేదు. కొన్నిచోట్ల మనిషినే అడగాలి. ఆయనా అది ఒప్పుకున్నారు. సంస్థ సొమ్ముతో కొన్నది కార్యవర్గ సభ్యుడి దుకాణంలోనే అయినప్పుడు చుట్టూ తిప్పి మాట్లాడొద్దంటారు. "అమ్మినాయన మన మెంబరే కదా, ఈ మాట తెగేదాక ఆయన బయట కూసుంటే బాగుంటది" అని ముఖం మీదే చెప్పాలి. ఒప్పుకోకపోతే, "నాకు సమ్మతం లేదని నా పేరుతోని రాయండి" అనాలి. ఈ వాక్యాన్ని ముగ్గురి చేతా పైకి అనిపించారు. ఆ అమ్మాయికి మొదటి రెండుసార్లు గొంతు పెగల్లేదు. తండాలో నాయక్ ముందు, ఊళ్లో పటేల్ ముందు, కాలేజీలో సార్ల ముందు తలూపడమే మర్యాదగా పెరిగిన గొంతు అది. మూడోసారి వరండా బయటికి వినపడేలా అంది. లోపలి నుంచి ఆయన భార్య తొంగి చూశారు.

ఇంకో సంగతి ఆయన మొదటి రోజే చెప్తారట. ఇందులోంచి బయటికి రావడం ఎలాగో. పీజీ అయిపోతుంది, ఉద్యోగం బెంగళూరులోనో పుణెలోనో వస్తుంది, ఆడపిల్లకైతే పెళ్లి కుదురుతుంది. మనిషి వెళ్లిపోతారు, పేరు కాగితాల్లో ఉండిపోతుంది. అయిదేళ్ల తర్వాత నోటీసు ఆ పేరుకే వస్తుంది. రాజీనామా రాతపూర్వకంగా ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి, కార్యవర్గం ఆమోదించిన తీర్మానం నకలు దగ్గర పెట్టుకోవాలి, కొత్త జాబితా రిజిస్ట్రారు ఆఫీసుకు చేరిందో లేదో చూసుకోవాలి. ఆ ముగ్గురి ఫైళ్లలో మొదటి కాగితం తేదీ వేయని రాజీనామా నమూనా. అది చూసి నాకు గుండె కలుక్కుమంది. నా ఫైల్లో అలాంటిది ఉండి ఉంటే!

పక్క ఊరి సంఘాలు చెప్పేది

జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని చుట్టూ ఊరూరా అల్లుకున్న సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. విత్తనాలు దాచుకున్నారు, బీళ్లను సాగులోకి తెచ్చారు. బడి మొగం చూడని వాళ్లు కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు. 2019లో ఆ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ అనే అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. సంఘంలో కూర్చోవడానికి, మాట తెగ్గొట్టడానికి డిగ్రీ అక్కర్లేదని వాళ్లను చూస్తే తెలుస్తుంది. పీజీ పిల్లలకు మార్గదర్శి అనగానే మనం కోటు వేసుకున్న మనిషిని ఊహించుకుంటాం. తనకు రావలసిన గింజల లెక్క వేళ్ల మీద పెట్టుకుని, తేడా వస్తే సంఘం మధ్యలో నిలబడి అడిగే ఒక పెద్దమ్మ పక్కన ఒక ఏడాది కూర్చుంటే, ఆ పిల్లకు వచ్చే ధైర్యం ఏ శిక్షణ తరగతిలోనూ రాదని నా నమ్మకం.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్, కెలాగ్, బర్క్‌లీ హాస్ లాంటి బిజినెస్ స్కూళ్లు ఇలా పక్కన కూర్చోబెట్టి నేర్పే పనిని పద్ధతి ప్రకారం చేస్తున్నాయి. విద్యార్థిని ఓటు హక్కు లేని సభ్యుడిగా ఒక సంస్థ బోర్డులో కూర్చోబెడతారు. బోర్డు నుంచి ఒకరు అతనికి తోడుగా ఉంటారు. చేతిలో ఒక పని పెడతారు. కాలం తీరాక బయటికి వస్తాడు. ఇందులో మనం తీసుకోదగ్గది ఆ ఓటు లేని ఏడాది. ఇక్కడ మొదటి రోజే కార్యదర్శిని చేసి చెక్కు మీద సంతకం పెట్టిస్తున్నాం. ఒక ఏడాది ఆహ్వానితుడిగా కూర్చుని విని, చదివి, అడిగి, ఆ తర్వాత ఇష్టమైతే కార్యవర్గంలోకి రమ్మంటే పోయేదేముంది? మన యూనివర్సిటీల ఎం.ఎస్.డబ్ల్యూ. పిల్లలు క్షేత్ర పనికి ఎలాగూ సంస్థలకు వెళ్తారు. సర్వేలు చేసి, ఫొటోలు తీసి, రిపోర్టు రాసి వస్తారు. వాళ్లను సమావేశపు గదిలోకి కూడా రానివ్వాలి. సంస్థలు నిలబడేదీ కూలిపోయేదీ ఆ గదిలోనే.

ఇబ్బందులు లేవని చెప్పను. శనివారం రావాలంటే ఆ అమ్మాయి పొద్దున్నే హైదరాబాద్‌లో బస్సెక్కాలి. ఛార్జీలు ఎవరివ్వాలి? సంఘం ఇవ్వదు, ఇవ్వాలని ఎవరికీ తోచదు. సాయంత్రం సమావేశం ఆలస్యమైతే తండాకు తోడు కావాలి. పరీక్షల నెలలో వరసగా రెండుసార్లు రాకపోతే "చదువుకున్నోళ్లకు మన సంఘం ఎందుకు పడ్తది" అన్న మాట వస్తుంది. కులం మాట ఎత్తకుండా కులం చూపించే పద్ధతులూ ఉంటాయి, చాయ్ గ్లాసు దగ్గర నుంచి కుర్చీ వరస దాకా. ఇవేవీ హెడ్మాస్టరు గారి వరండాలో తెగేవి కావు. ఆయన చేయగలిగింది చేస్తున్నారు. బస్సు ఛార్జీల సంగతి అధ్యక్షుల చెవిన వేసింది ఆయనే. ఆ నెల ఎజెండాలో అయిదో అంశంగా అది వచ్చింది.

మళ్లీ ఆ ఆదివారం గదిలోకి వద్దాం. అమ్మాయి పుస్తకం చదవడం ముగించింది. "సార్, మూడో తీర్మానంల కుర్చీలు కొనాలె అని ఉన్నది, ఎన్ని, ఎంతల అని లేదు," అంది. కోశాధికారి జేబులోంచి కొటేషన్ తీశారు. అధ్యక్షులు ఒక క్షణం ఆగి, "రాయి బిడ్డా, నువ్వే రాయి," అన్నారు. ఇరవై కుర్చీలు, ధర, దుకాణం పేరు. రాసింది. చివరి వాక్యం కింద పేజీలో నాలుగు వేళ్లంత ఖాళీ మిగిలింది.

స్కేలు అడిగింది. ఎవరి దగ్గరా లేదు. గోడ మీది క్యాలెండరు దించి, దాని అట్ట అంచు పెట్టి, ఎడమ మూల నుంచి కుడి మూలకు ఏటవాలుగా గీత గీసింది. గీత కింద సంతకం పెట్టి, తేదీ వేసి, పుస్తకం మూల కుర్చీ వైపు జరిపింది. హెడ్మాస్టరు కళ్లద్దాలు పెట్టుకుని మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టారు.